ప్రనోమ్ తీసేసిన మగది

థాయిలాండ్‌లోని నకోన్ పథోమ్‌లో ప్రనోమ్ ఇంటి వెనక వెయ్యి సీసాలుంటాయి. సీసాకో మగ చేప, సీసాకీ సీసాకీ మధ్య ఓ అట్టముక్క. అది లేకపోతే ఒకదాన్నొకటి చూసుకుని గాజుకేసి గుద్దుకుంటాయి. తోక అర్ధచంద్రంలా విచ్చుకోవాలని రోజూ పది నిమిషాలు మాత్రం అట్ట తీస్తుంది. అంతకు మించితే కసెక్కి తమ తోకలు తామే కొరుక్కునే జాతి అది.

అట్ట అడ్డం పెట్టలేకపోయింది ఒక్క మొగుడికే. సవేంగ్ చేపల్ని కొట్లాడించి పందెం కాసే మనిషి. ఓడినప్పుడల్లా పెళ్ళాన్ని కొట్టడం ఇరవై రెండేళ్ళుగా అలవాటు. ఆమెకు రెండు పళ్ళూ, ఎడమ చెవి వినికిడీ అలాగే పోయాయి.

ఆ మధ్యాహ్నం తొట్టిలో, బాదం ఆకు కింద, తెల్ల మగ చేప నురగ గూడు కట్టి రాలిన గుడ్లను నోటితో ఏరి గూట్లో పెడుతోంది. ఆమె ఏడేళ్ళుగా పెంచి నిలబెట్టిన వంశంలో మిగిలిన మగది అదొక్కటే. ప్రనోమ్ ఆడదాన్ని గరిటెతో తీసేసింది. తీయకపోతే మగది చీల్చి చంపేస్తుంది.

అప్పుడే సవేంగ్ ఓడి వచ్చాడు.

"ఏమే, నీ సింగారి చేపల్ని చూపించి ఊరంతా నన్ను ఎగతాళి చేస్తోంది. ఈ తెల్లోడి పౌరుషమెంతో చూద్దాం!"

"ముట్టుకోకు! గుడ్లు కాస్తోంది. అది లేకపోతే అన్నీ బూజు పట్టి పోతాయి."

"పోతే పోనీ!"

అడ్డొచ్చిన ఆమె మూతి పగలగొట్టి, తెల్లదాన్ని గిన్నెతో ముంచి తన పందెం చేప సీసాలో వంపాడు. రెండు క్షణాల్లో తెల్లదాని తోక పీలికలైంది.

ప్రనోమ్‌కి ఒళ్ళు మండింది. ఖాళీ సీసా అందుకుని అతని నెత్తిన పగలగొట్టింది. తర్వాత రెండోది. అతను కూలబడ్డాక పందెం చేప సీసాలో చెయ్యి పెట్టి తెల్లదాన్ని తీసి తొట్టిలో వదిలింది. అది పక్కకు ఒరిగింది, మునిగింది. కాసేపటికి అడుగున పడ్డ గుడ్డొకటి నోట కరుచుకుని పైకి లేచింది. అది చూసి ప్రనోమ్ ఏడ్చింది.

"నా ఇంట్లోంచి పోవే," నెత్తురు తుడుచుకుంటూ మూలిగాడు సవేంగ్.

పగిలిన సీసా మెడ అతని గొంతుకి ఆనించింది ప్రనోమ్.

"ఈ చేపల్లో పిల్లల్ని సాకేది మగది. అందుకే ఆడదాన్ని తీసేస్తాను. ఇక్కడ మన ముగ్గురు పిల్లల్నీ సాకింది నేను. లే, బయటికి నడు."