జుట్టు చూపించి అమ్మిన నూనె

బర్మాలోని మౌల్మేన్ ఊళ్లో, కింది బజారులో శాన్ ట్వే అబద్ధమాడని రోజంటూ ఉంటే, ఆ రోజు అతని గొంతు పోయి ఉండాలి. అతని దుకాణానికి ఎదురుగా చుట్టల దుకాణం నాది. తెల్లారింది మొదలు ఆ కేకలు వినక తప్పేది కాదు. అసలే నాకు ముక్కు మీద కోపం. "నీ నోరు పడిపోను!" అని ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు.

అతనమ్మేది కొబ్బరినూనె. సంపెంగలు వేసి కాచేవాడు. మంచి నూనే, కాదనను. కానీ ఆ వీధి పొడుగునా సూరత్ నుంచి వచ్చినవాళ్లవీ, చీనా వాళ్లవీ నూనె దుకాణాలే. వాళ్లకు అచ్చు కాగితాలున్నాయి, రంగుల బొమ్మలున్నాయి. ఇతనికి ఉన్నదల్లా పెళ్లాం జుట్టు. ఓన్ యిన్‌ను పీట మీద వీధికి వీపు పెట్టి కూర్చోబెట్టి, ముడి విప్పించేవాడు. ఆ జుట్టు నేలను తాకి ఇంకా మిగిలేది.

"రండక్కా, రండి! పెళ్లినాటికి ఇది ఎలక తోక! మా నూనె రాశాక చూడండి, దువ్వడానికి నలుగురు కావాలి! కలప డిపోలో ఏనుగు తోకకు పొరపాటున ఒక్క చుక్క అంటింది, పాపం మావటివాడు ఈనాటికీ దానికి జడ వేస్తున్నాడు!"

ఎలక తోకట! ఓన్ యిన్‌ను పాలు తాగే వయసు నుంచీ ఎరుగుదును. ఆ జుట్టు వాళ్లమ్మది, అంతకుముందు వాళ్లమ్మమ్మది. మొగుడు కోతలు కోస్తుంటే అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకునేది. కూతురు ఛో ఛో ఆ జుట్టులో దూరి దాక్కునేది. జనం నవ్వేవారు, కొనేవారు.

ఆ ఏడు వానల్లో పిల్లకు జ్వరం వచ్చింది. ఆసుపత్రి మందూ పట్టలేదు, మన వైద్యుడి పొడీ పట్టలేదు. పిల్ల కళ్లు తెరవడం మానేసింది. ఒక పొద్దున ఓన్ యిన్, గుండు చేయించుకుని సన్యాసినుల మఠంలో చేరతానంది. ఆ పుణ్యమంతా పిల్లకు ధారపోస్తానంది.

శాన్ ట్వే బెంబేలెత్తిపోయాడు. "జుట్టు పోతే దుకాణం పోయినట్టే కదే! ముందు పిల్లకు తగ్గనీ. తగ్గాక నేనే దగ్గరుండి చేయిస్తా."

"తగ్గితే ఇస్తాననడం బేరం. బేరాలు నీ బజార్లో ఆడుకో. నేను ముందే ఇచ్చేస్తున్నా."

అతను దుకాణం మూసి మఠానికి ఆమె వెంట నడిచాడు. నేనూ వెళ్లాను.

గుండు చేసేటప్పుడు జుట్టు నేల మీద పడకూడదు కనుక తెల్లగుడ్డ పట్టాలి. ఒక కొస అతను పట్టాడు, ఇంకో కొస నేను పట్టాను. కత్తి ఆడుతుంటే గుడ్డ కిందికి జారిపోయేంత బరువెక్కింది. అతను జుట్టువైపు చూడనే లేదు. "దీని చెవులు ఇంత చిన్నవా అక్కా?" అన్నాడు నాతో మెల్లగా. నాకు ఏడుపు ఆగలేదు.

అయినా పిల్ల దక్కలేదు. ఆ వారం దాటలేదు. ఓన్ యిన్ మఠం నుంచి వచ్చి బిడ్డ పక్కన కాసేపు కూర్చుంది. వెళ్తూ వెళ్తూ, ఇక ఇంటికి రానని చెప్పింది. తల్లి కడుపుకోతకు మొగుడు ఏమని అడ్డుపడతాడు?

పిల్ల పోయిన ఏడో రోజు భిక్షువులకు భోజనం పెట్టాక శాన్ ట్వే దుకాణం తెరిచాడు. కేక లేదు, పాట లేదు. ఊళ్లోవాళ్లకు సంగతి తెలుసు. కానీ కొనేవాళ్లలో ఎక్కువమంది ఏటికవతలి నుంచి పడవల్లో వచ్చే ఆడవాళ్లు. వాళ్లు వచ్చి ఖాళీ పీట చూశారు.

"జుట్టమ్మ ఏదయ్యా?"

"గుండు చేయించుకుంది. కూతురు బతకాలని చేయించుకుంది. కూతురు చచ్చిపోయింది."

ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అంతలో వెనక నుంచి ఎవతో నవ్వింది. "ఏడవకే పిచ్చిదానా! ఇది కొత్త కథ. ఆ గుండు మీద మళ్లీ జుట్టు మొలిపించింది ఈ నూనే అంటాడు, చూస్తూ ఉండు!"

గుంపంతా గొల్లుమంది.

"కాదమ్మా," అన్నాడు శాన్ ట్వే. "నూనెలో ఏమీ లేదు. అది పుట్టు జుట్టు. ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా అబద్ధం."

"అబ్బబ్బ, ఎంత బాగా చెప్తాడే! నాకు రెండు సీసాలియ్యి."

"నాకూ!"

చేతులు ముందుకు వచ్చాయి. శాన్ ట్వే వాళ్ల తలల మీదుగా నావైపు చూశాడు. "అక్కా, నా పిల్ల చచ్చిపోయిందని ఎలా చెప్తే నమ్ముతారు?"

నోట్లో చుట్ట పారేసి నడివీధిలోకి వచ్చాను. "సిగ్గులేదటే మీకు! నిజంగానే పోయింది! బంగారం లాంటి పిల్ల! ఈ చేతులతో నేనే స్నానం చేయించాను!" అని అరిచాను.

రెండు సీసాలడిగిన ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీకెన్ని సీసాలిస్తానన్నాడమ్మా?"

దాని చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. శాన్ ట్వే నాకు అడ్డం వచ్చాడు. "పోనీలే అక్కా," అని గుడ్డతో సీసాలు తుడిచి ఒక్కొక్కరికీ అందించాడు. "తీసుకుని వెళ్లండమ్మా, వెళ్లండి."

వాళ్లు తీసుకున్నారు. పడవరేవు వైపు మళ్లుతూ ఒకావిడ వెనక్కి తిరిగి అడిగింది. "రేపేం కథ చెప్తావయ్యా?"