చేతులతో మాట్లాడే బిడ్డ

తొంభైల మొదట్లో సిద్దిపేటలో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చదువు చెప్పేదాన్ని. జీతం లేని పనే, అయినా నాకు అంత పొగరు తెచ్చిన పని మరొకటి లేదు. వాళ్ళ ఒడిలో తునికాకు చాట, పక్కన పలక. వేళ్ళు బీడీ చుడుతుంటే కళ్ళు అక్షరాలు వెతుక్కునేవి.

అందులో కోహెడ నుంచి వచ్చి మా గల్లీలో కిరాయికి ఉండే అక్క ఒకామె. ఆమె ఎనిమిదేళ్ళ కూతురికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. గల్లీ అంతా ఆ పిల్లను 'మూగది' అనేది. ఒకసారి నేనూ అన్నాను. అక్క చాట పక్కన పెట్టింది.

"దానికి పేరున్నది చెల్లె. చేతులతోని మాట్లాడ్తది. నీకు సమజ్ కాకపోతే దాని తప్పా?"

నాకు సిగ్గేసింది.

కొత్తగా చదువు నేర్చినవాళ్ళ కోసం, వాళ్ళ మాటలతోనే చిన్న పుస్తకం వేద్దామన్నారు, ఈ చదువు తరగతులు నడిపే మా పెద్దసారు. కూతురి గురించి చెప్పడానికి అక్క ఒప్పుకుంది, 'గా మాట మాత్రం రాయద్దు' అన్న షరతు మీద. నేను ఒట్టేశాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, షరతు సంగతి కూడా చెప్పి సారుకు ఇచ్చాను. "ఒక్క అక్షరం ముట్టుకోనమ్మా" అన్నారాయన.

పుస్తకాల కట్ట విప్పగానే ఒకటి పట్టుకుని అక్క దగ్గరికి పరుగెత్తాను. తెరిచి చూసుకోనైనా లేదు, నా తొందర మండ. అక్క బిడ్డను పక్కన కూచోబెట్టుకుని, పేజీ మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "మూ... గ... పి..." వేలు ఆగింది. పుస్తకం మూసి నా చేతికిచ్చి, మళ్ళీ ఆకు కత్తిరించుకోవడం మొదలుపెట్టింది.

వెళ్ళి నిలదీస్తే సారు నవ్వారు. "చేతులతో మాట్లాడే బిడ్డ అంటే చదివేవాళ్ళకు ఏం తెలుస్తుందమ్మా? భాష సూటిగా ఉండాలి." నమ్మించి గొంతు కోసి, పైగా నాకే పాఠం చెప్పారు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు అక్క చదువుకు రాలేదు. నేనే వెళ్ళాను. "సారు మార్చిండక్కా, నేను కాదు."

"ఒట్టేసింది సారు కాదు గద." తలెత్తలేదు. "గల్లీల అంటె గిన్నొద్దులు చెవులు మూసుకున్న. ఇప్పుడు చదువు నేర్పితివి. కండ్లు ఎట్ల మూసుకోవాలె?"

పిల్ల నన్ను చూసి నవ్వి, రెండు అరచేతులు పుస్తకంలా తెరిచి చూపింది. తన గురించి ఏం రాశారో చెప్పమని. ఈసారి నాకు బాగానే అర్థమైంది. మాట రానిది నాకే.