జొన్నరొట్టెల విందులో వరి అన్నం

1962 జనవరిలో నేను దేవరకొండ బ్లాకులో ముఖ్యసేవికగా ఉన్నాను. బ్లాకుకు పెద్ద బి.డి.ఓ.; ఆడవాళ్ల కార్యక్రమాలకు ఆయన కింద ముఖ్యసేవిక, ఆమె కింద ఊరూరా తిరిగే గ్రామసేవికలు. మొదటి రెండేళ్లు ప్రొబేషన్, అంటే పని నచ్చకపోతే ఇంటికి పంపడానికి ప్రభుత్వం పెట్టుకున్న గడువు. నాకు ఇంకా రెండు నెలలు మిగిలాయి. తర్వాత పాప పుట్టాక ఆ ఉద్యోగాన్ని నేనే వదులుకున్నాను. ఆ జనవరిలో మాత్రం అది ఎక్కడ పోతుందోనన్నదే నా భయం.

అప్పుడే హైదరాబాదు నుంచి ఒక ఉత్తరువు వచ్చింది. శిక్షణలో ఉన్న ముప్పై మంది మహిళా ఉద్యోగులు నందికొండ డ్యాం పనులు చూడటానికి బస్సులో వెళ్తున్నారు, దారిలో ఒక పూట మా బ్లాకులో ఆరుబయట సహపంక్తి భోజనం చేస్తారు, వంటలన్నీ స్థానికమైనవే ఉండాలి అని. వెంట వచ్చే డిప్యూటీ డైరెక్టరు కోస్తా జిల్లాల ఆవిడ. నా ప్రొబేషన్ మీద అభిప్రాయం రాసేది కూడా ఆవిడే.

వంటకాల జాబితా మూడు ప్రతుల్లో పంపాలన్నారు. జొన్నరొట్టె, జొన్నరవ్వ గట్క, పుంటికూర, అనపగింజల కూర, పచ్చిపులుసు అని రాశాను. చివర ఈతకల్లు చేర్చాను. సర్కారు భోజనంలో కల్లేమిటని బి.డి.ఓ. ఎర్రసిరాతో కొట్టేశారు. కల్లు లేకపోతే స్థానికం ఎలా అవుతుందని హైదరాబాదు నుంచి తిరుగుటపా వచ్చింది. చివరికి దాన్ని ‘స్థానిక పానీయం’ అని రాసి ఇద్దరి సంతకాలూ సంపాదించాను. దీనికే తొమ్మిది రోజులు పట్టింది.

వంట పని ఖిలా గుట్టకు దగ్గరున్న ఒక పల్లె మహిళా మండలికి అప్పగించాను. నేను కూడగట్టిన మండళ్లలో నిలబడ్డది అదొక్కటే. ఇరవై మంది సభ్యులు. వాళ్లకు పెద్ద ముత్తమ్మ, గొర్లు కాచుకునే ఇంటి మనిషి. మూడుసార్లు వెళ్లి జాబితా చదివి వినిపించాను. మూడుసార్లూ ముత్తమ్మ “అట్లనే పంతులమ్మా” అంది. కల్లు గీసే సాయిలు కూడా “అట్లనే” అన్నాడు. ‘అట్లనే’ అంటే విన్నామని మాత్రమే అర్థమని నాకు అప్పటికి తెలియదు.

ఆ రోజు బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. వేపచెట్ల కింద బంతులు తీర్చి మోదుగ విస్తళ్లు వేశారు. వడ్డన మొదలైంది. మొదట తెల్లటి వరి అన్నం. తర్వాత ముద్దపప్పు, వంకాయ కూర, బియ్యప్పాయసం. సాయిలు దేవరకొండ బజారు నుంచి గోలీసోడాలు తెచ్చి, ఒక్కొక్కటీ టప్పుమని కొట్టి అతిథుల ముందు పెడుతున్నాడు. నేను చేతిలో జాబితాతో నిలబడిపోయాను.

డైరెక్టరమ్మ రెండు ముద్దలు తిని, “ఇది మా ఇంట్లో రోజూ తినేదేనమ్మా” అన్నారు. ఆ మాటకు నా ప్రొబేషన్ కళ్ల ముందు కదిలింది.

ముత్తమ్మను వెతుక్కుంటూ పక్కనున్న పెద్ద రాతిగుండ్ల వెనక్కి వెళ్లాను. నేను జాబితాలో రాసిందంతా అక్కడుంది. మండలి ఆడవాళ్లు గుంపుగా కూర్చుని జొన్నరొట్టెల్లో అనపగింజల కూర పెట్టుకుని తింటున్నారు. నీడలో రెండు ఈతకల్లు కుండలున్నాయి.

“ఇవి కదా పెట్టమన్నది!” అని అరిచాను.

“గదేంది పంతులమ్మా,” అంది ముత్తమ్మ, “సుట్టాలొస్తే ఎవలన్న రొట్టె పెడ్తరా? నలుగురు ఇంటే నవ్వరా?”

“కల్లు కూడా దాచారు.”

“గంత పెద్దమ్మలకు కల్లు పోస్తరా? సోడలు తెచ్చిండు గద సాయిలు. గవ్వి మంచిగ లెవ్వా?”

పక్కనున్న ముసలమ్మ నవ్వి, “సదువుకున్న పిల్లకు గట్క మీద మనసైంది, జర పెట్టరాదే” అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముత్తమ్మ చేతిలోని రొట్టెల గంప పట్టుకున్నాను. ఆమె వదల్లేదు.

“వద్దు బిడ్డా. మా ఇజ్జత్ తియ్యకు.”

నేను గుంజుకున్నాను.

బంతుల దగ్గరికి తెచ్చిన గంప చూసి ముప్పై మందీ విస్తళ్ల ముందు నుంచి లేచారు. గుండ్ల వెనక్కి వచ్చి ఆడవాళ్ల మధ్య కూర్చుని రొట్టెలు తుంచుకుని తిన్నారు. డైరెక్టరమ్మ మోదుగాకు దొన్నెలో కల్లు పోయించుకుని రుచి చూసి, ఎంత బాగుందో అన్నారు. ఒకామె కెమెరా తీసి, సగం కొరికిన రొట్టెతో ఉన్న ముత్తమ్మను ఫోటో తీసింది. ముత్తమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. బంతుల దగ్గర ఎంగిలి విస్తళ్లలో అన్నం ఉండిపోయింది.

మార్చిలో నా ఉద్యోగం ఖాయమైంది. ‘స్థానిక మహిళల సహకారం పొందడంలో సమర్థురాలు’ అని ఆవిడ రాశారు.

ఆ నెల మండలి సమావేశానికి నలుగురే వచ్చారు. ముత్తమ్మ రాలేదు. సర్కారోళ్లను పిలిచి రొట్టెలు పెట్టిందని ఊళ్లో ఆమెను ఎగతాళి చేస్తున్నారని గ్రామసేవిక చెప్పింది. ఆ రోజు వండిన బియ్యంలో ఎక్కువ భాగం ముత్తమ్మ తన బిడ్డ పురుటికి దాచిపెట్టుకున్నవట. అప్పటికి నాకు పిల్లలు లేరు. పురుటికి బియ్యం దాచడం అంటే ఏమిటో ఇప్పుడు తెలుసు.

తిరిగి పిలుచుకుందామని ఆమె ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి, కాళ్లకు నీళ్లిచ్చి, విస్తరిలో వరి అన్నం పెట్టింది. రొట్టె ఉంటే పెట్టమన్నాను.

“లేదు బిడ్డా. మేం జొన్నలు తినుడు బంద్ జేసినం,” అంది.

పొయ్యి మీద రొట్టె కాలుతున్న వాసన వస్తూనే ఉంది. పెట్టింది తిని వచ్చాను. ఆ మండలి మళ్లీ కూడలేదు.

ఒక ఊరి తిండిని మెచ్చుకోబోయే ముందు, దాన్ని పైవాళ్లకు చూపడం ఆ ఊరికి ఇష్టమేనా అని అడగాలి. ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. కొత్తగా నేర్చుకోవలసిన అవసరం కూడా లేదు. మాదీ కొత్తకోట దగ్గర జొన్నరొట్టెలు తినే పల్లే. హైదరాబాదు హాస్టల్లో ఉన్న నాలుగేళ్లూ, మీ ఇంట్లో ఏం తింటారని ఎవరడిగినా వరి అన్నమనే చెప్పాను.