అటక మీద ఖాళీ

వడ్రంగం మానేసి ఆరేళ్లయినా పెద్దాయన చెవి మీంచి పెన్సిలు దిగలేదు. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడింట్లోనే ఉంటాడు. ఊరికే కూర్చుంటే తిన్నది అరగదంటూ ఈసారి కారు షెడ్డు పట్టుకున్నాడు. పైకప్పు కింద అటక కట్టి, నేల మీది సామానంతా దాని మీదికెక్కించాడు. నిచ్చెననూ పాత సైకిలునూ కొక్కేలకు తగిలించాడు. అటక నీడ కింద పడుతోందని ట్యూబులైట్లు ఊడదీసి దాని అడుగునే బిగించాడు. వెలుతురంతా గోడలే మింగేస్తున్నాయని వెల్ల వేశాడు. అటక మీద ఓ మూల మాత్రం మూడడుగులు వదిలేశాడు. ఎందుకని అడిగితే, "ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డమొస్తుంది. దానికి" అన్నాడు.

పని పూర్తయిన రోజు తమ్ముడి భార్య లైట్లు వేసి చాలాసేపు చూసింది. "ఎంత బాగుంది బావగారూ. మీ మంచం ఇక్కడ వేయిస్తే మీకూ హాయిగా ఉంటుంది. పాపకి చదువుకోడానికి గది దొరుకుతుంది." తమ్ముడు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ, "కారు బయటే ఉంటుందిలే అన్నయ్యా, దానికి అలవాటే" అన్నాడు. పెద్దాయన చెవి మీది పెన్సిలు తీసి, మంచం పట్టేంత మేర నేల మీద గీత గీశాడు. లోపలికెళ్లి తన ట్రంకుపెట్టె మోసుకొచ్చాడు. నిచ్చెన దించి, ఎక్కి, పెట్టెను అటక మీది ఖాళీలోకి తోశాడు. కొలత తీసి వదిలినట్టు సరిగ్గా పట్టింది.