టోపీ కింద మాడు

2023 చలికాలం. ఖతార్ ఉత్తర కొసన, ఎడారి సముద్రంలో కలిసేచోట ఒక చిన్న రేవు ఊరి క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. నా ఏడు నెలల బాబును దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలోని మా పక్కింటి మలయాళీ ఆంటీకి అప్పగించి వచ్చేదాన్ని. దారి పొడవునా ఆమెకు ఫోన్లు: "పాలు తాగాడా? డైపర్ తడిపాడా?"

ఒక ఉదయం రేవులోకి తెరచాప పడవ వచ్చింది. స్తంభానికి పసుపు జెండా. విదేశం నుంచి వచ్చిన పడవకు క్లియరెన్స్, అంటే ఒడ్డున దిగే అనుమతి, ఇంకా రాలేదని దాని గుర్తు. అందులో పసిపాపకు వాంతులని కబురొస్తే నేను, అంబులెన్స్ డ్రైవర్ లింగన్న వెళ్ళాం.

"టికెట్ లేదు, లగేజీ లొల్లి లేదు. గాలి మీద ఒచ్చిండ్రు సూడు, సిస్టరమ్మా," అన్నాడు లింగన్న. ఆయనది నిజామాబాద్.

నాకు నవ్వు రాలేదు. డెక్ మీద ఒక ఫ్రెంచి అమ్మాయి, ఇంచుమించు నా వయసే, చెప్పుల్లేకుండా కూర్చుని ఉంది. పాప ఆమె గుండెకు గుడ్డతో కట్టి ఉంది. పుట్టాక ఒక్క పూటైనా విడిచి ఉండలేదట. నా కడుపు మండింది. మావాడు మొదటిసారి బోర్లాపడటం నేను చూసింది ఆంటీ పంపిన వీడియోలో.

"సముద్రం పడలేదంతే. మా అందరికీ వాంతులే," అంది ఇంగ్లీషులో.

ఇంతగా అంటిపెట్టుకున్న తల్లికి తెలియదా అనిపించింది. అయినా అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది: "డైపర్ ఎప్పుడు తడిపింది?"

ఆమె తడబడింది. "నిన్న... సాయంత్రమేమో. అలల్లో గమనించలేదు."

పాప ఎండటోపీ తీసి మాడు మీద వేళ్ళు పెట్టాను. మా గోదావరి వైపు తల్లులు రోజూ నూనె అద్దే చోటు అది. గుంటపడి ఉంది. డీహైడ్రేషన్: ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోయింది.

రేవు అధికారికి చెప్పాను. ఆయన పాప ముఖం చూశాడు. "యల్లా, కానివ్వండి! ముందు తీసుకెళ్ళండి. కాగితాలు తర్వాత."

క్లినిక్‌లో డాక్టర్ సెలైన్ పెట్టమన్నారు. ఎంతకీ నరం దొరకలేదు. చివరికి పాదం దగ్గర సూది దిగింది. మధ్యాహ్నం పాప కళ్ళు తెరిచి నా యూనిఫాం అంతా తడిపేసింది.

"ఖతార్ల గింత వాన ఎన్నడు సూడలే, సిస్టరమ్మా!" అన్నాడు లింగన్న గుమ్మంలోంచి.

తల్లి భోరుమంది. "ఎప్పుడూ నాతోనే ఉంది. నాకెలా తెలియలేదు?"

"టోపీ ఉంది కదా," అన్నాను.

బిడ్డ ఒడిలో ఉంది కాబట్టి తల్లికి అన్నీ తెలుసనుకోవడం ఆ రోజుతో మానేశాను. ఏ పసిబిడ్డ వచ్చినా టోపీ తీయించి, మాడు తడిమి, డైపర్ సంగతి అడిగాకే మిగతా మాటలు.

అసూయ మాత్రం పోలేదు. ఆ మధ్యాహ్నం పాప ఏడుపు అందుకోగానే ఆమె గుడ్డ సర్దుకుని మళ్ళీ గుండెకు కట్టుకుంది. నాకు సాయంత్రం దాకా డ్యూటీ ఉంది.