కాలి నొప్పికి కారణం వెతుక్కుంటూ ఎష్‌బోర్న్ దాకా

మా ఊరి డాక్టరుకు నా నొప్పిని జర్మన్‌లో చెప్పలేకపోయాను. జివ్వుమని లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది, ఉన్నట్టుండి మంట పుడుతుంది. వీటన్నిటికీ నా దగ్గరున్నది ‘ష్మెర్ట్స్’ అనే ఒక్క మాటే. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో గుంటూరు వైపు ఎముకల డాక్టరొకావిడ ఉన్నారని తెలిసి, వారాల తరబడి తంటాలుపడి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, సంపాదించి, మేముండే జీగెన్ నుంచి బయల్దేరాం.

బయల్దేరింది నేనూ, మా ఐదేళ్ల లాస్యా. ఆ రోజు దాని చిన్నపిల్లల బడి కీటాకు సెలవు, మా ఆవిడ స్వప్నకు ఆఫీసు. చలికాలంలో ఒకరోజు లాస్యను మంచుబండి మీంచి ఎత్తుకోగానే నా నడుము కలుక్కుమంది. నొప్పి ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా దిగి అక్కడే కాపురం పెట్టింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ మాట వచ్చినా ‘పాపను ఎత్తుకోక ముందు’, ‘ఎత్తుకున్నాక’ అనే లెక్క. మొదట్లో లాస్య చేతులు చాపేది. తర్వాత అడగడం మానేసింది, పెద్దదవుతోంది కదా అనుకున్నాను. ఆపరేషన్ అంటారేమోనని ఒక భయం, దాన్ని మళ్లీ ఎత్తుకోలేనేమోనని అంతకంటే పెద్ద భయం.

ఉదయం ఏడున్నర రైలు. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా మారనక్కర్లేదు. నాకు నెలవారీ టికెట్ ఉంది, లాస్యకింకా టికెట్ అక్కర్లేదు. నాలాంటివాళ్లు సైకిళ్లు పెట్టే బోగీ ఎక్కడం మేలు, ఎవరికీ అడ్డం కాకుండా నిలబడొచ్చు. కూర్చుంటే కాసేపటికే కాలు గోల మొదలెడుతుంది.

ఎదుటి సీట్లో పదకేళి నింపుకుంటున్న పెద్దావిడ, ఎందుకు నిలబడ్డావని అడిగింది. పాపను ఎత్తుకుంటే పట్టేసిందని చెప్పాను. లాస్య మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

“కిటికీ గాలి తగిలి ఉంటుంది. నడుముకు ఉన్ని పట్టీ కట్టుకో,” అని ఆవిడ తీర్పు చెప్పింది.

గీసెన్ దాటాక కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్. “ఆలుగడ్డ తింటున్నవా ఇంకా? వాతం చేస్తదంటే ఇనవు గదరా!”

జర్మనీలో ఉంటూ ఆలుగడ్డ మానేసినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. నొప్పి మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎస్-బాన్ లోకల్ రైలు పట్టుకుని పదకొండుకు ముందే ఎష్‌బోర్న్ చేరాం. డాక్టరుగారు మడమల మీద నడిపించారు, పడుకోబెట్టి కాలు ఎత్తి చూశారు, ఎమ్మారై సీడీ చూశారు.

“నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతాందో చేత్తో గీసి చూపించండి.”

చూపించాను.

“కాల్లో ఏం లేదండీ. నడుం పూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. మీకు అడుగునున్నదొకటి ఉబ్బి నరం మొదట్లో నొక్కుతోంది. మీ బిల్డింగులో కింద గేటు దగ్గర బెల్లు నొక్కితే పైన ఇంట్లో కదా మోగేది?”

“క్లింగెల్!” అని బెల్లుకు జర్మన్ మాట అందించింది లాస్య హుషారుగా. ఇది తెలుగంతా అర్థం చేసుకుని జర్మన్‌లో జవాబిచ్చే రకం.

“పాపను ఎత్తినందుకేనా మేడమ్?”

“ఆ రోజు బయటపడింది, అంతే. ఆ డిస్కు ఎన్నేళ్లుగానో అరుగుతా వచ్చుంటుంది. వయసు, వంశం, గంటల తరబడి కదలకుండా కూర్చోటం... ఇదే కారణమని ఒక్కదాని మీద వేలు పెట్టలేం. ఆ రోజు షూ లేసు కట్టుకోటానికి వంగినా పట్టేసేదేమో.”

“ఆపరేషన్ పడ్తదా?”

“చాలామందికి అక్కర్లేకుండానే తగ్గుద్దండీ. మంచం పట్టకుండా నడవండి, ఫిజియో చేయించుకోండి. పాదం పట్టు తప్పినా, ఒంటేలుకి తేడా చేసినా మాత్రం ఆ క్షణమే ఎమర్జెన్సీకి పోవాలి.”

“మరి దీన్ని ఎత్తుకోవచ్చా?”

“ఇప్పుడే వద్దు. ఫిజియో చెప్పాక, మెల్లగా.”

ఆ ‘ఇప్పుడే’ అన్న మాట నాకు ఎంత హాయినిచ్చిందో చెప్పలేను.

మధ్యాహ్నం తిరుగు రైల్లో పెరుగన్నం డబ్బా తెరిచాం. ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్లో కొన్న ఆలుగడ్డ వేపుడు ముక్కలు అమ్మకు చెప్పకుండా లాగించాను. లాస్య మాత్రం ఏమీ తినడం లేదు. కాసేపటికి నా నడుం మీద వేలు ఆనించి, చాలా చిన్నగా అడిగింది.

“పప్పా, దన్ వార్ ఇష్ దాస్ నిష్ట్?”

అయితే అది నేను చేయలేదా, అని.

నేను ఊళ్లు దాటి కారణం వెతుక్కుంటున్నాను. ఈ పిల్ల మాత్రం ఇంట్లో మా మాటలు వింటూ, కారణం తానేనని ఇన్నాళ్లూ లోపలే దాచుకుంది.

“నువ్వు కాదు బిడ్డా. అస్సలు నువ్వు కాదు.”

అప్పుడు డబ్బా తన వైపు లాక్కుని పెరుగన్నం మొత్తం తినేసింది.

ఎష్‌బోర్న్‌లో చూడాల్సినవి ఏమున్నాయని అడిగితే నేను చెప్పలేను. గాజు ఆఫీసులు కనిపించాయి, అంతే. కానీ నొప్పిని సొంత భాషలో చెప్పుకోవడానికి అంత దూరం వెళ్లడం దండగ కాదు, పిల్లల్ని వెంట తీసుకెళ్లడం అసలే దండగ కాదు.

జీగెన్‌లో దిగేసరికి చినుకులు పడుతున్నాయి. ప్లాట్‌ఫారం మీద లాస్య నా ముందుకొచ్చి నిలబడి, ఎన్నో నెలల తర్వాత, రెండు చేతులూ పైకి చాపింది.

“ఇంకొన్ని రోజులు ఆగాలె బిడ్డా,” అన్నాను.

రేపు మళ్లీ అడుగుతానని జర్మన్‌లో చెప్పింది.

“అడుగు,” అన్నాను. “రోజూ అడుగు.”