గొట్టానికి వంతు లేదు

నిన్న కోడూరు వెళ్తుంటే కాలువ గట్టు మీద డీజిల్ పొగ గుప్పుమంది. ఎవరో రైతు ఇంజను పెట్టి చేనుకు నీళ్ళు తోడుకుంటున్నాడు. ఆ వాసనకు మా సీనియర్ ప్లీడరు సుగుణమ్మ గారు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మంట ఆవిడ మీద కాదు.

బందరు కోర్టులో నేను ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరిన ఏడాది దివిసీమలో గ్యాస్ పైపులైను వేశారు. గొట్టం ఎక్కడైనా కారుతుందేమో చూడడానికి, గ్యాస్ వదిలేముందు దాన్నిండా నీళ్ళు నింపి ఒత్తిడి పెడతారు. కాంట్రాక్టరు పెద్ద పెద్ద ఇంజన్లు దించి ఆ నీళ్ళు కాలువ నుంచే తోడాడు. అప్పుడు శివారు ఊళ్ళకు వంతులవారీగా నీళ్ళు ఇస్తున్నారు. మా దగ్గరికి కేసు తెచ్చిన రైతు బాబూరావు గారి ఊరి వంతు వచ్చేసరికి కాలువలో బురదే మిగిలింది. నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. ఒకరి వంతులో మరొకరు మడవ తీసి నీళ్ళు మళ్ళిస్తే ఊరంతా నిలదీసే చోట, గొట్టాన్ని అడిగే నాథుడు లేడు. ఇరిగేషన్ వాళ్ళేమో పైనుంచి అనుమతి ఉందన్నారు. ఆ పైవాళ్ళు నీళ్ళ సంగతి తమది కాదన్నారు.

సుగుణమ్మ గారు రైతుల సంఘం తరఫున ఆ తోడడం మీద స్టే అడిగారు. పైపులైను ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. "అందరిలాగే అదీ వంతులో నిలబడాలండీ, అంతే" అన్నారు జడ్జిగారితో. ఆయన ఓపిగ్గానే విన్నారు. పైపులైను కేంద్ర చట్టం కింద వచ్చిందనీ, ఆ చట్టం భూమి గురించే చెప్పిందనీ, దాని నీటి వాడకాన్ని కట్టడి చేసే అధికారం సంఘానికి లేదనీ పిటిషన్ కొట్టేశారు. నేల తవ్వడానికి చట్టం ఉందట, నీళ్ళు తోడకుండా ఆపడానికి లేదట. ఇదేం న్యాయమని ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

వరండాలో బాబూరావు గారు ఎదురు చూస్తున్నారు. పైకోర్టు ఉందిగా అని సర్దిచెప్పబోయాను. అది తేలేలోపు నారు మాడిపోతుందని నాకు తెలుసు. సుగుణమ్మ గారు నా భుజం పట్టి ఆపారు.

"మెత్తగా చెప్పకు. ఓడిపోయామని చెప్పు. అన్యాయం జరిగిందనీ చెప్పు. ఒకటి చెప్పి రెండోది మింగకు."

రెండూ చెప్పాను. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, అయితే తమ వంతు నీళ్ళు ఎవరివని అడిగారు. నేను సుగుణమ్మ గారి వైపు తిరిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఆయన ముందు నిలబడ్డారు.

"చట్టమంతా వెతికాను బాబూరావు గారూ. అందులో మీరు లేరు."

ఆ ఏడు ఆ ఊరు నాట్లు వెయ్యలేదు. సుగుణమ్మ గారు ఇప్పుడు లేరు. కేసు ఓడినప్పుడల్లా నా కక్షిదారు ఎదుట నిలబడి, ఓడిపోయామనీ అన్యాయం జరిగిందనీ ఆ రెండు మాటలూ చెబుతున్నాను. బాబూరావు గారి ప్రశ్నకు మాత్రం జవాబు ఇంకా దొరకలేదు. దొరికిందని ఎవరికీ అబద్ధం చెప్పలేదు.